అబ్బాజాన్ జీపు: జ్ఞాపకానికి ఎంత వెల?

ఒక ఇంటిని ఊహించుకుందాం. పెరట్లో వేపచెట్టు కింద, చిరిగిన టార్పాలిన్ కప్పుకొని ఒక పాత జీపు నిలబడి ఉంది. టైర్లలో గాలి లేదు. బానెట్ మీద కోళ్ళు పడుకుంటున్నాయి. ఇంటి పెద్ద కన్నుమూసి రెండు నెలలు కావస్తోంది. ఒకనాటి సాయంత్రం కొడుకులిద్దరూ అరుగు మీద కూర్చున్నారు.

“భాయిజాన్, పాత ఇనుము కొనేవాడు వచ్చి చూసి వెళ్ళాడు. తూకం లెక్కన ఇస్తానంటున్నాడు” అన్నాడు చిన్నవాడు.

పెద్దవాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “అబ్బాజాన్ మనల్ని ఈ బండిలోనే బడికి దింపేవారు. దీన్ని తూకానికి ఎలా వేస్తాం? బాగు చేయిద్దాం” అన్నాడు.

వంటింట్లో నుండి తల్లి గొంతు వినిపించింది: “బాగు చేయించడానికి ఎంతవుతుంది బేటా?”

ఇద్దరి దగ్గరా సమాధానం లేదు.

పాత జీపులను, కొండదారుల బండ్లను వెతికి తెచ్చి, తుప్పు గీకి, రంగు వేసి, మొదటి రోజున ఉన్నట్లుగా నిలబెట్టే సరదా నేడు ప్రపంచమంతటా పెరిగింది. పెళ్ళి ఊరేగింపుల్లోనూ, యువకుల ఫోన్లలోనూ మెరిసే ఆ బండ్లను చూసి ముచ్చట పడని వారు అరుదు. ఆ ముచ్చట వెనుక ఉన్న చరిత్ర ఏమిటి? ఖర్చు ఎంత? అపాయాలేమిటి? ఆ తల్లి అడిగిన ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోవాలంటే ఈ మూడూ తెలియాలి.

యుద్ధం కన్న బండి

1940లో ఐరోపా యుద్ధజ్వాలల్లో ఉంది. ఏ క్షణాన్నైనా తామూ యుద్ధంలోకి దిగవలసి వస్తుందని గ్రహించిన అమెరికా సైన్యం, గుర్రాలకూ మోటారు సైకిళ్ళకూ బదులుగా తేలికపాటి బండి ఒకటి కావాలని 135 కంపెనీలకు కబురు పంపింది. గడువు మరీ తక్కువ కావడంతో చాలా కంపెనీలు పెదవి విరిచాయి. బాంటమ్ అనే చిన్న కంపెనీ మాత్రం 49 రోజుల గడువులోనే నమూనా బండిని తయారుచేసి, సెప్టెంబరు 23న మేరీలాండ్ రాష్ట్రంలోని హోలాబర్డ్ సైనిక శిబిరానికి చేర్చింది. అయితే వేల సంఖ్యలో బండ్లు తయారుచేసే శక్తి ఆ కంపెనీకి లేదు. ఫలితంగా అసలు లాభం విల్లీస్, ఫోర్డ్ కంపెనీల పాలైంది. యుద్ధం ముగిసేనాటికి ఆ రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేశాయి.

ఆ బండిలో విలాసం అనదగినది ఒక్కటీ లేదు. బరువు దాదాపు 1,100 కిలోలు. నాలుగు సిలిండర్ల, 60 అశ్వశక్తి పెట్రోలు ఇంజను. తలుపులు లేవు. ముందు అద్దాన్ని బానెట్ మీదకు మడిచి పడుకోబెట్టవచ్చు. డ్రైవరు పక్కన గేరు కర్రతో పాటు మరి రెండు చిన్న కర్రలు ఉంటాయి. ఒకటి ముందు చక్రాలకు కూడా ఇంజను బలాన్ని అందిస్తుంది. రెండవది వేగాన్ని తగ్గించి లాగే శక్తిని పెంచుతుంది. మామూలు కారులో రెండు చక్రాలు మాత్రమే బండిని కదిలిస్తాయి. అవి బురదలో జారితే బండి ఆగిపోతుంది. జీపులో ఆ పనిని నాలుగు చక్రాలూ పంచుకుంటాయి. కాబట్టి ఒకవైపు జారినా మరోవైపు పట్టు దొరుకుతుంది. ఎద్దుబండి కూరుకుపోయిన చోట జీపు బయటపడటంలోని రహస్యం ఇదే.

యుద్ధం ముగిశాక ఈ బండి సంతానం దేశదేశాలకు పాకింది. బ్రిటన్‌లో రోవర్ కంపెనీకి చెందిన మారిస్ విల్క్స్ తన పొలంలో వాడుకున్న పాత జీపును చూసి ప్రేరణ పొందాడు. దాని ఫలితమే 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో వెలుగుచూసిన లాండ్ రోవర్. అప్పట్లో ఉక్కుకు కరువు ఉండటంతో దాని ఒంటిని అల్యూమినియంతో చేశారు. జపాన్‌లో టొయోటా 1951లో తొలి నమూనాను రూపొందించి, 1954లో దానికి లాండ్ క్రూయిజర్ అని పేరు పెట్టింది.

లూధియానా నుండి మన ఊరి దాకా

మన దేశపు జీపు కథలో దేశ విభజన కథ కూడా కలిసి ఉంది. 1945లో లూధియానాలో జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా సోదరులు, మలిక్ గులామ్ ముహమ్మద్ కలిసి ఉక్కు వ్యాపారం కోసం ఒక సంస్థను స్థాపించారు. దాని పేరు ‘మహీంద్రా అండ్ ముహమ్మద్’. రెండేళ్ళకే దేశం రెండు ముక్కలైంది. గులామ్ ముహమ్మద్ పాకిస్తాన్‌కు వెళ్ళి ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రి అయ్యారు. తరువాత గవర్నర్ జనరల్ పదవిని కూడా అధిష్ఠించారు. 1948లో సంస్థ పేరు ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా మారింది. పేరులోని రెండు ‘ఎం’ అక్షరాలు మాత్రం అలాగే నిలిచిపోయాయి. ఆ సంస్థే బొంబాయిలో విల్లీస్ విడిభాగాలను బిగించి జీపులను రోడ్డెక్కించింది.

1953లో విల్లీస్ కంపెనీ ఎత్తైన కొత్త ఇంజను కోసం బానెట్‌ను ఎత్తు చేసింది. నేటికీ మెకానిక్ షెడ్లలో వినిపించే ‘లో బానెట్’, ‘హై బానెట్’ అనే మాటలకు మూలం అదే. ఆ ఎత్తు బానెట్ జీపును అమెరికా 1968లో ఆపివేసినా, మన దేశంలో దాని వంశం ఆ తరువాత కూడా దశాబ్దాలు కొనసాగింది. తహశీల్దారు జీపు, పోలీసు జీపు, ఎన్నికల ప్రచారానికి మైకు కట్టుకొని తిరిగిన జీపు, ఏజెన్సీ గ్రామాలకు మనుషులనూ మూటలనూ ఒకేసారి మోసిన సర్వీసు జీపు... ఒక తరం తెలుగువారికి ‘జీపు వచ్చింది’ అనే మాటే ఒక వార్త.

ఆకర్షణ ఎక్కడుంది?

నేటి కారు బానెట్ ఎత్తితే కనిపించేది నల్లటి ప్లాస్టిక్ మూత. దాని కింద ఏమి జరుగుతున్నదో చెప్పడానికి మెకానిక్ సైతం కంప్యూటరు తగిలించవలసిందే. పాత జీపు అలా కాదు. కార్బొరేటర్ ఇక్కడ, డైనమో అక్కడ, రేడియేటర్ ముందు. ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. నాలుగు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవర్, కొంచెం ఓపిక ఉంటే తండ్రీ కొడుకులు ఒక ఆదివారం పూట కూర్చుని దాన్ని అర్థం చేసుకోగలరు. చేతితో పనిచేసి ఒక వస్తువును బతికించడంలోని తృప్తి కొనుక్కుంటే వచ్చేది కాదు.

రెండవది జ్ఞాపకం. ఇంటి పెద్దలు వాడిన బండి ఫోటోలో బిగుసుకుపోయిన గతం వంటిది కాదు. అది కదులుతుంది, వాసన వేస్తుంది, శబ్దం చేస్తుంది. పెట్రోలు, రెక్సిన్, దుమ్ము కలిసిన ఆ వాసన ఒక్కసారి ముక్కుకు తగిలితే నలభై ఏళ్ళ వెనుకటి బాల్యం తలుపు తెరుచుకుంటుంది.

మూడవది వేట. ఫోర్డ్ తయారుచేసిన యుద్ధకాలపు జీపుల్లో బోల్టు తలల మీద కూడా ‘ఎఫ్’ అనే అక్షరం ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఉన్న ఒక్కొక్క బోల్టు కోసం ఏళ్ళ తరబడి వెతికేవారు ఉన్నారు. బయటివారికి అది పిచ్చిగా తోస్తుంది. సాధించిన వారికి మాత్రం అది పండుగ.

ముచ్చట వ్యాపారమైనప్పుడు

కువైట్‌కో సౌదీకో వెళ్ళి డ్రైవర్లుగా పనిచేసిన మన కడప, చిత్తూరు ప్రాంతాల వారికి లాండ్ క్రూయిజర్‌ను పరిచయం చేయనవసరం లేదు. ఇసుక దిబ్బల మీద దానికి ఉన్న పేరు అటువంటిది. ఆ వంశంలో 1960 నుండి 1984 వరకు తయారైన ఎఫ్‌జె 40 అనే గుండ్రని దీపాల బండి ఒకప్పుడు పొలాల్లో, గనుల్లో, ఎడారుల్లో కూలి పని చేసింది. నేడు అదే బండిని పూర్తిగా విప్పి, చక్కదిద్ది అమెరికాలో అమ్మితే లక్ష డాలర్లు దాటిన సందర్భాలు ఉన్నాయి. అంటే మన లెక్కలో 80 లక్షల రూపాయలకు పైమాటే. 25 ఏళ్ళు దాటిన విదేశీ బండ్లకు అమెరికా తన భద్రతా ప్రమాణాల నుండి మినహాయింపు ఇస్తుంది. అందువల్ల ఇతర దేశాల్లో మూలన పడిన బండ్లు కూడా అక్కడికి చేరుతున్నాయి.

ఆ ధరలు చూసి మన పెరట్లోని జీపు కూడా నిధి అనుకుంటే పొరపాటే. అక్కడి ధరలో అత్యధిక భాగం నిపుణుల కూలి. ఒక బండిని ఛాసిస్ దాకా విప్పి తిరిగి బిగించడానికి వెయ్యి గంటలు దాటడం అరుదేమీ కాదు. పైగా అరుదైన బండికి, అసలు భాగాలు చెక్కుచెదరని బండికి మాత్రమే ఆ గౌరవం దక్కుతుంది. మన ఊళ్ళలో మిగిలిన జీపుల్లో చాలా వాటికి ఇంజను ఒకచోటిది, గేరు పెట్టె మరోచోటిది, బాడీ ఇంకోచోటిది. బాగు చేయించడానికి పెట్టిన సొమ్ము అమ్మితే తిరిగి రాదని ముందే తెలుసుకోవడం మంచిది. ఇది పెట్టుబడి కాదు, ఖర్చు.

ఖర్చు ఎక్కడెక్కడ పుడుతుంది?

మొదటి శత్రువు తుప్పు. పైకి కనిపించే రేకు తుప్పు చిన్నది. ఛాసిస్ లోపల, సీట్ల కింద, నేల పలకల సందుల్లో దాగిన తుప్పు పెద్దది. రంగు గీకేదాకా అది బయటపడదు. మేస్త్రీ మొదట చెప్పిన అంచనా తప్పడానికి ప్రధాన కారణం ఇదే. అతను మోసగాడని కాదు, అతనికీ లోపల ఏముందో తెలియదు. టింకరింగ్ మొదలైన తరువాత పని మధ్యలో ఆపడానికి వీలుండదు. కాబట్టి మేస్త్రీ 4 లక్షలు అంటే ఇంటి లెక్కలో 6 లక్షలు రాసుకోవడం వివేకం.

రెండవది ఇంజను. సిలిండర్లు అరిగితే బోర్ చేయించాలి. పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చాలి. ఇవన్నీ చేసే మంచి లేత్ పనివారు నేడు తగ్గిపోతున్నారు. పాత జీపు సంగతులు ఎరిగిన మేస్త్రీల చేతి నైపుణ్యం వారితోనే పోతోంది. అటువంటి వారు దొరికితే వారి కూలి దగ్గర బేరమాడటం సమంజసం కాదు.

మూడవది విడిభాగాలు. ఢిల్లీలోని మాయాపురి, పశ్చిమ బెంగాల్‌లోని పానాగఢ్ వంటి పాత సామాన్ల బజార్లు వీటికి ప్రసిద్ధి. పానాగఢ్‌లో రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనిక స్థావరం ఉండేది. ఫిలిప్పీన్స్‌లోనైతే విల్లీస్ జీపు ఒంటిని మొత్తంగా కొత్త రేకుతో చేసి ప్రపంచమంతటికీ పంపుతారు. అయితే దూరం నుండి తెప్పించిన భాగం సరిపోకపోతే డబ్బుతో పాటు నెలలు కూడా వృథా అవుతాయి. ‘మూడు నెలల్లో ఇస్తాను’ అన్న బండి రెండేళ్ళు షెడ్డులో నిలిచిపోయిన కథలు ఈ రంగంలో కొల్లలు.

నాలుగవది, బండి ఇంటికి వచ్చిన తరువాతి ఖర్చు. పాత పెట్రోలు జీపు లీటరుకు ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లకు మించి నడవదు. నేడు బంకుల్లో దొరికేది 20 శాతం వరకు ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది పాత రబ్బరు గొట్టాలనూ, పెట్రోలు పంపు పొరలనూ కొరికివేస్తుంది. వాటిని తట్టుకునే రకంతో మార్పించాలి. వానకు, ఎండకు నీడ కావాలి. వాడకుండా ఉంచితే బ్యాటరీ చచ్చిపోతుంది, బ్రేకులు పట్టేస్తాయి. బాగు చేయించిన బండి కూడా పెంపుడు జంతువు వంటిదే, ప్రతి వారం దానికి మన సమయం కావాలి.

చట్టం ఏమంటుంది?

బండి మీద చేయి వేయకముందే ఆర్‌సీ చూడాలి. సొంత వాడకపు బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. ఆ తరువాత ఐదేసి ఏళ్ళకు ఒకసారి ఫిట్‌నెస్ పరీక్షతో పునరుద్ధరించుకోవాలి. హరిత పన్ను చెల్లించాలి. 20 ఏళ్ళు దాటిన ఇటువంటి బండ్ల పునరుద్ధరణ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచింది.

బండి చనిపోయిన వ్యక్తి పేరు మీద ఉంటే వారసులు 30 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లోగా 31వ నంబరు ఫారంతో బదిలీకి దరఖాస్తు చేయాలి. ఇక్కడే ఇంటిలోని అసలు ప్రశ్న కూడా ముందుకు వస్తుంది. తండ్రి వదిలివెళ్ళిన బండిలో అన్నదమ్ములకే కాదు, తల్లికీ, ఆడబిడ్డలకూ వాటా ఉంది. వారి సమ్మతి లేకుండా ఒకరి పేరు మీదకు మార్చి లక్షలు ఖర్చుపెడితే, రేపు ఆ బండి జ్ఞాపకంగా గాక తగాదాగా మిగులుతుంది.

మార్పుల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. తయారీదారు ఇచ్చిన రూపానికీ, ఆర్‌సీలోని వివరాలకూ విరుద్ధంగా బండిని మార్చడం చెల్లదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. పెద్ద టైర్లు, మరో కంపెనీ ఇంజను, పొడిగించిన బాడీ... ఇవి చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా రోడ్డు మీద నేరమే.

50 ఏళ్ళు దాటిన బండ్ల కోసం 2021 జూలైలో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. వాటికి నంబరు పలకలో ‘వీఏ’ అనే అక్షరాలు ఉంటాయి. రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరగని బండికే ఆ అర్హత. దాన్ని రోజువారీ పనులకు వాడరాదు, ప్రదర్శనలు, ర్యాలీల వంటి పరిమిత అవసరాలకు మాత్రమే బయటికి తీయాలి. వ్యాపారానికీ వాడరాదు. అంటే పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చి ఖర్చు రాబట్టుకుందామనే ఆలోచన ఇక్కడ పనికిరాదు.

బీమా విషయం కూడా గుర్తుంచుకోవాలి. ఐదేళ్ళు దాటిన బండి విలువను యజమానీ, బీమా సంస్థా మాట్లాడుకొని నిర్ణయించుకోవాలి. ఖర్చు రశీదులు, ఫోటోలు భద్రపరచకపోతే లక్షలు పోసిన బండికి కూడా పాత ఇనుము విలువే కడతారు.

ప్రాణాల మాట

పాత జీపులో సీటు బెల్టులు లేవు, గాలి సంచులు లేవు, తలుపులు లేవు. దాని బ్రేకులు నాటి రోడ్లకూ నాటి వేగాలకూ తగినవి. పొట్టి పొడవు, ఎత్తైన నడుము కారణంగా మలుపులో వేగంగా తిప్పితే పల్టీ కొట్టే ప్రమాదం ఎక్కువ. వెనుక బల్లల మీద పిల్లలను కూర్చోబెట్టి హైవే ఎక్కడం ముచ్చట కాదు, ముప్పు. నాలుగు చక్రాల కర్రను పొడి తారు రోడ్డు మీద వేసి నడపడం కూడా తప్పే. ముందు వెనుక ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడి గేర్లు విరుగుతాయి.

పని జరిగే చోట మరో అపాయం పొంచి ఉంది. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్, పాత రంగుల్లో సీసం ఉండేవి. వాటిని పొడిగా గీకితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకూ, పిల్లల మెదడుకూ హానికరం. ఆ పనిని ఇంటి పెరట్లో పిల్లల మధ్య చేయించకూడదు.

కొండ మీద ఒక పాఠం

పశ్చిమ బెంగాల్‌లో డార్జిలింగ్ సమీపాన మానేభంజాంగ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి నుండి 3,636 మీటర్ల ఎత్తున ఉన్న సందక్‌ఫూ శిఖరానికి దాదాపు 31 కిలోమీటర్ల దారి. తేయాకు తోటల దొరలు విడిచివెళ్ళిన పాత లాండ్ రోవర్లు దశాబ్దాలుగా ఆ నిటారు దారిలో ప్రయాణికులనూ, బియ్యపు బస్తాలనూ మోస్తూ వచ్చాయి. వాటికి మెరిసే రంగులు లేవు. కొన్నింటి లోపల డీజిలు ఇంజన్లు చేరాయి. ఆ డ్రైవర్లకు అది సరదా కాదు, పిల్లల చదువు, ఇంటి పొయ్యి.

ఆ బండ్లు చెప్పే పాఠం ఒక్కటే. పాత వస్తువును నిలబెట్టేది రంగు కాదు, దాన్ని వాడి, ప్రతి రోజూ పట్టించుకునే మనిషి. ఆ మనిషి ఇంట్లో లేకపోతే ఎన్ని లక్షలు పోసినా బండి మళ్ళీ వేపచెట్టు కిందికే చేరుతుంది.

తల్లి ప్రశ్నకు జవాబు

అటువంటి ఇంటి ముందు నాలుగు దారులు ఉన్నాయి. పూర్తిగా పునరుద్ధరించడం మొదటిది. చేతిలో మిగులు సొమ్ము ఉండి, అప్పు అవసరం లేనివారికే అది తగును. ఇంజను, బ్రేకులు, తీగలు మాత్రం సరిచేయించి, పాత రంగూ సొట్టలూ అలాగే ఉంచడం రెండవది. ఖర్చు తగ్గుతుంది, జ్ఞాపకమూ చెరగదు. ఆ సొట్టల్లో ఒకటి మన చిన్నతనంలో మనం చేసినదే కావచ్చు. కాగితాలతో సహా శ్రద్ధగల అభిరుచిపరునికి అమ్మడం మూడవది. తూకం ధర కంటే అది మేలు. ఇవేవీ కుదరకపోతే, ప్రభుత్వ గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి ఇచ్చి, ధ్రువపత్రం తీసుకొని, రిజిస్ట్రేషన్ రద్దు చేయించడం నాలుగవది. కాగితాలు రద్దు కాకుండా వదిలిన ఛాసిస్ నంబరు రేపు ఏ నేరంలో తేలినా జవాబు చెప్పవలసింది మనమే.

ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఈ డబ్బు ఇంట్లోని ఎవరి చదువుదో, పెళ్ళిదో, వైద్యానిదో కాదు కదా? వచ్చే పదేళ్ళు దీన్ని చూసుకునేది ఎవరు? ఇంట్లో అందరూ ఇష్టంగానే ఒప్పుకున్నారా?

మళ్ళీ ఆ అరుగు దగ్గరకు వెళదాం. పెద్ద కొడుకు కాగితం మీద అంకెలు వేసి తల్లికి వినిపించాడు. పూర్తి పని వద్దు, ముందు ఇంజనూ బ్రేకులూ చూద్దాం అన్నాడు. చిన్నవాడు కూడా తల ఊపాడు. తల్లి కొంతసేపు ఆ టార్పాలిన్ వైపు చూస్తూ కూర్చుంది.

“మేస్త్రీని తరువాత పిలవండి” అంది. “ముందు మీ అక్కకు ఫోన్ చేయండి. ఆమె కూడా ఈ బండిలోనే బడికి వెళ్ళింది.”